ఎంఆర్2 మూడు తరాల్లో మీకు ఏది? పోటీ బండ్లతో కలిపి ఒక పోలిక

ఇంజిన్ సీట్ల వెనక ఉండే స్పోర్ట్స్ కారు ఒకటి కొనాలని ఉంది, ఫెరారీ స్థాయి డబ్బు మాత్రం లేదు. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లకి వెతుకులాటలో మొదట తగిలే పేరు టయోటా ఎంఆర్2. తికమక కూడా అక్కడే మొదలవుతుంది. 1984 నుంచి 2007 దాకా ఆ ఒక్క పేరు మీద మూడు వేర్వేరు కార్లు వచ్చాయి. మొదటిది కోణాలు తేలిన చిన్న బండి. రెండోది ఫెరారీని గుర్తుచేసే కూపే. మూడోది బట్ట టాపు మడిచేసే రోడ్‌స్టర్. వీటి పక్కనే ఫియట్ ఎక్స్1/9, పాంటియాక్ ఫియెరో, ఎంజీ ఎఫ్, పోర్షే బాక్స్‌స్టర్ కూడా ఊరిస్తుంటాయి.

ఇక్కడ మాట్లాడుకునేవన్నీ సెకండ్ హ్యాండ్ బండ్లే, అన్నీ వయసు మీదపడ్డవే. అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను: హార్స్‌పవర్ చూసి ఎంచుకోకండి. ఏ బండి లోపాలతో మీరు కాపురం చేయగలరో చూసి ఎంచుకోండి.

## ఇంజిన్ మధ్యలో ఉంటే ఒరిగేదేమిటి?

కారులో బాగా బరువైన భాగం ఇంజిన్, దానికి అతుక్కున్న గేర్‌బాక్స్. అది రెండు ఇరుసుల మధ్యకి, డ్రైవర్ వీపు వెనక్కి వస్తే బండి తిరిగే తీరే మారిపోతుంది. కావడి రెండు చివర్లా బరువు వేలాడదీసి గిర్రున తిరగాలంటే ఒళ్లు హూనమవుతుంది. అదే బరువు నడుముకి కట్టుకుంటే చటుక్కున తిరగొచ్చు. మిడ్ ఇంజిన్ కారు చేసే పని అదే. స్టీరింగ్ తిప్పీ తిప్పగానే ముక్కు మలుపులోకి వెళుతుంది. వెనక చక్రాల మీద బరువు ఉంటుంది కాబట్టి మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పట్టు దొరుకుతుంది. బ్రేక్ వేసినప్పుడు ముందు చక్రాలే భారమంతా మోయాల్సిన అవసరం ఉండదు.

దీనికి ఇంకో ముఖం ఉంది. చటుక్కున తిరిగే బండి అంతే చటుక్కున అదుపు తప్పుతుంది కూడా. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందుకి జారుతుంది, వెనక చక్రాలు తేలికైపోతాయి, వెనక భాగం బయటికి వచ్చేస్తుంది. ఇంజిన్ ముందున్న కారులో సర్దుకోవడానికి దొరికే ఆ ఒక్క క్షణం ఇక్కడ దొరక్కపోవచ్చు. ఏ బండి ఈ విషయంలో ఎంత క్షమిస్తుందన్నది ఎంపికలో పెద్ద అంశం.

## ఖరీదైన అమరిక చవకైన తీరు

1960ల దాకా ఇది రేసు కార్ల, సూపర్ కార్ల సొత్తు. 1966లో వచ్చిన లోటస్ యూరోపా రెనో 16 ఇంజిన్‌ని సీట్ల వెనక పెట్టింది. 1969లో ఫోక్స్‌వ్యాగన్, పోర్షే కలిసి 914 తెచ్చాయి. అసలు కిటుకు మాత్రం 1972లో ఫియట్ ఎక్స్1/9 చూపించింది. ఫియట్ 128 అనే మామూలు ఫ్యామిలీ కారులో ఇంజిన్, గేర్‌బాక్స్ అడ్డంగా ఒకే మూటలా ముందు ఉండి ముందు చక్రాల్ని తిప్పేవి. ఆ మూటని అలాగే తెచ్చి సీట్ల వెనక పెడితే, మిడ్ ఇంజిన్ స్పోర్ట్స్ కారుకి కావలసిన ఖరీదైన సామగ్రి అంతా ఫ్యామిలీ కారు ధరకే దొరికినట్టు. దీన్ని డిజైన్ చేసింది బెర్టోనే సంస్థలో మార్చెల్లో గాందీని. లంబోర్గినీ మియురా గీసిందీ ఆయనే.

తర్వాత వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఇదే దారి పట్టారు. జనరల్ మోటార్స్ ఫియెరోకి తన మామూలు కార్ల భాగాలే వాడింది. టయోటా కొరోలా ఇంజిన్‌ని వెనక్కి జరిపి, 1983 టోక్యో మోటార్ షోలో ఎస్వీ-3 పేరుతో నమూనా చూపించి, మరుసటి ఏడాది ఎంఆర్2గా అమ్మకానికి పెట్టింది. ఈ కార్ల ఇంజిన్లకి, గేర్‌బాక్సులకి ఇప్పటికీ పార్టులు దొరుకుతున్నాయంటే పుణ్యమంతా ఆ ఫ్యామిలీ కార్లదే. బాడీకి, లోపలి ప్లాస్టిక్‌కి మాత్రం ఆ అదృష్టం లేదు. అవి ఆ ఒక్క మోడల్‌కే పరిమితం.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

అన్నిటికంటే ముందు తుప్పు. ఇంజిన్ పోతే ఇంకోటి దొరుకుతుంది. ఛాసీ పుచ్చిపోతే దాన్ని నిలబెట్టడానికి అయ్యే ఖర్చు బండి ధరని దాటిపోతుంది.

తర్వాత, ఇందాక చెప్పుకున్న క్షమాగుణం. మీరు ఇంతవరకు వెనక చక్రాలతో నడిచే కారు నడపలేదా? అయితే ఇది మీకు రెండో అంశం కాదు, మొదటిదే. మూడోది మెకానిక్. ఈ బండ్లలో ఇంజిన్‌కి చెయ్యి అందడం కష్టం, చిన్న పనికి కూడా ఎక్కువ గంటలు పడతాయి, గంటల లెక్కన బిల్లు పెరుగుతుంది. ఇక సామాను చోటు, టాపు, రోజూ వాడతారా వారాంతానికేనా అన్నవి మీ జీవితాన్ని బట్టి. పవర్ చివర. వెయ్యి కిలోల బండికి 120 హార్స్‌పవరే చాలా ఎక్కువ అనిపిస్తుంది.

| అంశం | మొదటి తరం (ఏడబ్ల్యూ11) | రెండో తరం (ఎస్‌డబ్ల్యూ20) | మూడో తరం (జెడ్‌జెడ్‌డబ్ల్యూ30) |
|---|---|---|---|
| తయారైన కాలం | 1984–1989 | 1989–1999 | 1999–2007 |
| ప్రధాన ఇంజిన్ | 1.6 లీటర్, కొన్నిటికి సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) | 2.0 లేదా 2.2 లీటర్; 2.0 టర్బో | 1.8 లీటర్ |
| బరువు | సుమారు 1,000–1,100 కిలోలు | సుమారు 1,200–1,300 కిలోలు | సుమారు 1,000 కిలోలు |
| వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) | 2,320 మి.మీ. | 2,400 మి.మీ. | 2,450 మి.మీ. |
| టాపు | గట్టిది లేదా టీ-బార్ (మధ్య పట్టీ ఉంచి రెండు పక్కల పలకలు తీసేది) | గట్టిది లేదా టీ-బార్ | బట్ట టాపు |
| సామాను | పర్వాలేదు | మూడింటిలో మెరుగు | దాదాపు లేదు |
| పెద్ద భయం | తుప్పు | తడి రోడ్డు మీద వెనక జారడం | ఇంజిన్ ఆయిల్ తాగడం, ప్రీ-క్యాట్ |

## మొదటి తరం: మనసు ఒప్పుకుంటే, ఒళ్లు ఒప్పుకుంటే

దీని గురించి ఎక్కువ చెప్పకుండా ఉండలేను. పవర్ స్టీరింగ్ లేదు. ముందు బరువు తక్కువ కాబట్టి దాని లోటూ తెలియదు. పార్కింగ్‌లో మాత్రం కాస్త బలం పెట్టాలి, బండి కదిలాక స్టీరింగ్ తేలికైపోతుంది. టైరు కింద రోడ్డు ఎలా ఉందో అరచేతికి తెలుస్తుంటుంది. పెట్రోల్ ట్యాంకు రెండు సీట్ల మధ్య సొరంగంలో పొడవుగా ఉంటుంది. అందుకే ట్యాంకు నిండుగా ఉన్నా అడుగంటినా బండి నడక మారదు. సస్పెన్షన్ సర్దుబాటులో లోటస్ ఇంజినీర్ రోజర్ బెకర్ చెయ్యి కూడా ఉంది. 1984-85కి జపాన్ కార్ ఆఫ్ ది ఇయర్ ఇదే.

దీని 1.6 లీటర్ 4ఏ-జీఈ ఇంజిన్ 16 వాల్వులతో పైకి తిరిగే కొద్దీ హుషారెక్కుతుంది. దేశాన్ని, సంవత్సరాన్ని బట్టి 112 నుంచి 130 హార్స్‌పవర్ దాకా ఇచ్చారు. 1986లో జపాన్‌లో, 1988లో అమెరికాలో సూపర్‌చార్జర్ వెర్షన్ వచ్చింది, 145 హార్స్‌పవర్. అవసరం లేనప్పుడు క్లచ్‌తో విడిపోయే ఆ సూపర్‌చార్జర్ అప్పటికి గొప్ప తెలివే. ఇప్పుడు అది పాడైతే బాగుచేయడం తెలిసిన చేయి ముందే చూసుకోవాలి. జపాన్‌లో 1.5 లీటర్ ఇంజిన్‌తో ఏడబ్ల్యూ10 కూడా అమ్మారు. దాని జోలికి వెళ్లకండి, ఈ కారు అందం సగం ఆ 1.6 ఇంజిన్‌లోనే ఉంది.

ఇక తుప్పు. వెనక చక్రాల పై అంచులు, తలుపు కింద గడపలు, ముందు డిక్కీ అడుగు, టీ-బార్ చుట్టూ ఉన్న రేకు, ఇవన్నీ వేలితో నొక్కి చూడాలి. పైకి కనిపించే చిన్న బుడగ లోపల పెద్ద రంధ్రానికి గుర్తు. కొత్తగా పెయింట్ వేసిన బండి అయితే ఇంకా అనుమానించాలి. టీ-బార్ రబ్బర్లు గట్టిపడి వాన నీళ్లు లోపలికి కారుతాయి. సీట్ల కింద కార్పెట్ ఎత్తి ముక్కు పెట్టి వాసన చూస్తే కథంతా తెలిసిపోతుంది. టెస్ట్ డ్రైవ్‌లో ఐదో గేరులో వేసి యాక్సిలరేటర్ తొక్కి వదిలి చూడండి, గేరు దానంతట అదే బయటికి వచ్చేయడం ఈ బండ్లలో తెలిసిన జబ్బే.

వారాంతాల్లో నడపడానికి, తడి తగలని చోట దాచుకోవడానికి వీలున్నవాళ్లకి నేను మూడింటిలో దీన్నే ముందు పెడతాను. రోజూ ఆఫీసుకి వాడేవాళ్లకి పెట్టను.

## రెండో తరం: అందం, వేగం, ఒక హెచ్చరిక

రోడ్డు మీద తలలు తిప్పేది ఇదే. లోపల విశాలంగా, సర్దుకున్నట్టు ఉంటుంది. దూర ప్రయాణానికి మొదటి తరం కంటే ఎంతో నయం. వెనక ఇంజిన్ తర్వాత నిజంగా పనికొచ్చే డిక్కీ ఉంది.

ఇంజిన్లలో తేడా పెద్దది. అమెరికాలో మామూలు వెర్షన్‌కి 2.2 లీటర్, 130 హార్స్‌పవర్. టర్బోకి 3ఎస్-జీటీఈ, అక్కడ 200, జపాన్‌లో మొదట 225, 1993 చివర నుంచి 245. యూరప్‌లో టర్బోని టయోటా అధికారికంగా అమ్మలేదు, అక్కడ కనిపించే టర్బోలు బయటినుంచి తెచ్చుకున్నవి. బయటినుంచి వచ్చిన బండికి పాత సర్వీసు కాగితాలు ఉండటం అరుదు, కాబట్టి కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించకుండా కొనకూడదు.

హెచ్చరిక మొదటి రెండేళ్ల బండ్ల గురించి. వెనక సస్పెన్షన్ కదిలినప్పుడు చక్రాల కోణం మారే తీరు వల్ల, మలుపులో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం విసురుగా బయటికి వచ్చేది. 1991 చివర టయోటా వెనక లింకుల్ని మార్చింది. 14 అంగుళాల చక్రాల బదులు 15 అంగుళాలవి పెట్టి, వెనక టైరుని 205 నుంచి 225 మిల్లీమీటర్లకి వెడల్పు చేసింది. ఆ మార్పు తర్వాతి బండి స్వభావమే వేరు. పాతదాన్ని పడేయాలని కాదు, మంచి టైర్లు, సరైన అలైన్‌మెంట్ ఉంటే, డ్రైవర్ కాలు నెమ్మదిగా కదిలితే అది కూడా బాగానే నడుస్తుంది. కానీ మీకు మొదటి మిడ్ ఇంజిన్ కారు ఇదే అయితే, వానలో కూడా నడపాల్సి వస్తే, 1992 తర్వాత తయారైనది వెతకండి. ఓపిక పడితే దొరుకుతుంది.

టర్బోనా, మామూలా? మెకానిక్ పని మీరే చేసుకోగలిగితే టర్బో. వాక్యూమ్ గొట్టాలు, వేడికి ఎండిపోయిన రబ్బర్లు, చెయ్యి దూరని సందులు ఉంటాయని తెలిసే దిగండి. చేసుకోలేకపోతే 2.0 లీటర్ 3ఎస్-జీఈ ఉన్న మామూలు బండి హాయి. 2.2 ఇంజిన్ గట్టిదే కానీ, దానికి పైకి తిరగాలన్న ఉత్సాహం ఉండదు.

## మూడో తరం: తేలికదనమే దీని ఆస్తి

1999లో టయోటా వెనక్కి ఆలోచించింది. టర్బో తీసేసింది, రెండు వందల కిలోలకి పైగా బరువు తగ్గించింది. జపాన్‌లో ఎంఆర్-ఎస్, అమెరికాలో ఎంఆర్2 స్పైడర్ అని పేరు పెట్టింది. 140 హార్స్‌పవర్ కాగితం మీద చిన్న అంకె. వెయ్యి కిలోల బండిలో కూర్చున్నాక అంత చిన్నగా అనిపించదు. మూడింటిలో వీల్‌బేస్ పొడవైనది దీనిదే, చక్రాలు నాలుగు మూలలకీ జరిగాయి. అందుకే మలుపులో చురుగ్గా ఉంటూనే రెండో తరం కంటే ముందుగా సైగ చేస్తుంది. మిడ్ ఇంజిన్ కారు నడపడం నేర్చుకోవాలనుకునేవాళ్లకి నా ఓటు దీనికే.

సామాను చోటు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ముందు బానెట్ తెరిస్తే స్పేర్ టైరు, దాని చుట్టూ కొంచెం ఖాళీ. సీట్ల వెనక మూతలున్న రెండు అరలు. మెత్తటి సంచులు రెండు పడతాయి, గట్టి సూట్‌కేస్ పట్టదు. ఇద్దరు కలిసి వారం రోజుల ప్రయాణం పెట్టుకునేవాళ్లకి ఈ ఒక్క కారణమే చాలు దీన్ని పక్కన పెట్టడానికి.

ఇంజిన్ 1జెడ్‌జెడ్-ఎఫ్ఈ. తొలి సంవత్సరాల పిస్టన్లలో ఆయిల్ కిందికి దిగే రంధ్రాలు చిన్నవి కావడంతో రింగులు అంటుకుపోయి ఆయిల్ తాగుతుంది. తర్వాత పిస్టన్లు మార్చారు. ఇంకో సంగతి, ఇంజిన్ పొగ బయటికి వచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనే, పొగని శుభ్రం చేసే రెండు చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్లు ఉంటాయి, ప్రీ-క్యాట్లు అంటారు. వాటి లోపలి సిరామిక్ పొడిపొడిగా రాలి తిరిగి సిలిండర్లలోకి వెళితే ఇంజిన్ గోడలు గీసుకుపోతాయి. ఆయిల్ ఎక్కువ తాగే ఇంజిన్లో ఈ ప్రమాదం పెరుగుతుంది. ప్రీ-క్యాట్లు లేని మానిఫోల్డ్ బిగించి ఉంటే మంచి గుర్తే, కానీ మీ దగ్గర పొగ పరీక్ష నిబంధనలు దానికి ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకోండి. క్లచ్ పెడల్ లేని ఎస్ఎంటీ గేర్‌బాక్స్ కూడా ఉంది. నేనైతే మాన్యువల్‌నే ఎంచుకుంటాను. ఇంత తేలికైన బండిలో ఎడమ కాలికి పని లేకపోతే ఆనందం సగం పోతుంది, పైగా ఆ హైడ్రాలిక్ పంపు పాడైతే బాగు చేయించడం ఖరీదైన పని.

## మిగతావాటి సంగతి

ఫియట్ ఎక్స్1/9 (1972–1989). సుమారు తొమ్మిది వందల కిలోల బరువు, మొదట 1.3, 1978 నుంచి 1.5 లీటర్ ఇంజిన్. ఒక సీటు వెనక పెట్రోల్ ట్యాంకు, రెండో సీటు వెనక స్పేర్ టైరు నిలబెట్టారు, దాంతో ముందూ వెనకా రెండు డిక్కీలు మిగిలాయి. టాపు పలకని తీసి ముందు డిక్కీలో పెట్టుకోవచ్చు. ఇంత చిన్న కారులో ఇంత తెలివైన సర్దుబాటు నేను ఇంకెక్కడా చూడలేదు. వేగం ఆశించకండి. తుప్పు విషయంలో మొదటి తరం ఎంఆర్2 కంటే ఇంకా గట్టిగా పరీక్షించాలి.

పాంటియాక్ ఫియెరో (1984–1988). ఉక్కు చట్రం మీద ప్లాస్టిక్ పలకలు బిగించిన బండి. పలకలు తుప్పు పట్టవు, దాంతో కింద చట్రం పుచ్చిపోయినా పైకి నిగనిగలాడుతూ కనిపిస్తుంది, లిఫ్ట్ మీద ఎక్కించి చూడకుండా కొనొద్దు. మొదట 92 హార్స్‌పవర్ నాలుగు సిలిండర్ల ఇంజిన్ వచ్చింది, 1985 నుంచి వీ6లో 140. తొలి ఏడాది బండ్లలో ఇంజిన్ మంటల వల్ల రీకాల్ జరిగింది, ఆ చెడ్డపేరు తర్వాతి మంచి బండ్లని కూడా వదల్లేదు. సస్పెన్షన్‌ని మొత్తం సరిదిద్దింది 1988లో, ఆపేసిందీ ఆ ఏడాదే. కొంటే 1988 వీ6 కొనండి.

ఎంజీ ఎఫ్, టీఎఫ్. 1995లో మొదలైంది. 1.8 లీటర్ కె-సిరీస్ ఇంజిన్, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే పలచటి సీలు) పోవడం దీని ప్రసిద్ధ జబ్బు. బలపరిచిన గాస్కెట్ వేయించిన బిల్లు ఉంటే సగం భయం పోయినట్టే. ఎఫ్‌లో స్ప్రింగుల బదులు గ్యాస్, ద్రవంతో పనిచేసే హైడ్రాగ్యాస్ సస్పెన్షన్, మెత్తగా హాయిగా ఉంటుంది కానీ గ్యాస్ తగ్గితే బండి కిందికి కుంగిపోతుంది. 2002లో వచ్చిన టీఎఫ్‌కి మామూలు స్ప్రింగులు. మూడో తరం ఎంఆర్2 నచ్చి, డిక్కీ కూడా కావాలనుకునేవాళ్లు దీన్ని చూడాలి.

పోర్షే బాక్స్‌స్టర్ (1996 నుంచి). నడకలో, నాణ్యతలో, ఇంజిన్ పాటలో వీటన్నిటికంటే పై మెట్టు. రెండు డిక్కీలు, ఆరు సిలిండర్లు, మొదటి 2.5 లీటర్‌కే 204 హార్స్‌పవర్. పాత బాక్స్‌స్టర్ కొనే ధర తక్కువే అనిపించవచ్చు, పార్టులకి మాత్రం పోర్షే ధరే కట్టాలి. ఇంజిన్ లోపలి ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ పోతే ఇంజిన్ మొత్తం పోతుంది, అది మార్పించిన కాగితం లేకపోతే ఆ ఖర్చు మీ లెక్కలో వేసుకోండి.

లోటస్ ఎలీజ్ పేరు ఎత్తలేదని కొందరికి కోపం రావచ్చు. వీటన్నిటికీ అది గురువు లాంటి బండి. కానీ దాని ధర ఎప్పుడూ ఈ పంక్తిలోకి దిగలేదు, దిగేలా కూడా లేదు.

## మీరు ఎవరు, మీకు ఏది

వెనక చక్రాల బండి ఇదే మొదటిసారి అయితే మూడో తరం ఎంఆర్2, పిస్టన్లు మార్చాక వచ్చిన సంవత్సరాలది. రోజూ వాడకం, అప్పుడప్పుడూ దూర ప్రయాణం, ఒక్కటే కారు అంటే 1992 తర్వాతి రెండో తరం, టర్బో లేనిది. గరాజ్‌లో గంటలు గడపడం ఇష్టమైతే, పాత ఇంజిన్లంటే ప్రాణమైతే మొదటి తరమో, ఎక్స్1/9 నో. వేగమే కావాలనుకుంటే రెండో తరం టర్బోకీ బాక్స్‌స్టర్‌కీ మధ్య ఆలోచించండి. టర్బోలో పవర్ పెంచుకునే వీలు ఎక్కువ, బాక్స్‌స్టర్‌లో ఏమీ పెంచాలనిపించదు.

ఏది చూడ్డానికి వెళ్లినా రెండు పరీక్షలు తప్పనిసరి. వీటన్నిటిలోనూ రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక. కూలెంట్ బండి అడుగున పొడవాటి గొట్టాల్లో అటూ ఇటూ తిరుగుతుంది. గొట్టాలు తుప్పు పట్టినా, లోపల గాలి చిక్కుకున్నా ఇంజిన్ వేడెక్కి హెడ్ వంకరపోతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి, పూర్తిగా వేడెక్కాక హీటర్ వేసి చూడండి. ఉష్ణోగ్రత ముల్లు పైకి వెళుతుంటే హీటర్లోంచి చల్లగాలి వస్తుంటే లోపల గాలి ఉన్నట్టు, దాని కారణం తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

రెండోది టైర్లు. నాలుగూ ఒకే కంపెనీవి కావాలి, ముందువి ముందు కొలతలో, వెనకవి వెనక కొలతలో ఉండాలి. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే ఆ బండిని టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లేటప్పుడు మలుపుల్లో తొందరపడకండి. బేరం కుదిరితే ఇంటికి తెచ్చుకునే ముందే వెనక రెండు టైర్లూ మార్పించండి.